ధ్యాన ప్రార్థనను పొరుగువాడి నుంచి విడదీయకండి: సంఘ నాయకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన బిషప్పులకు, పాస్టర్లకు, విచారణ గురువులకు, సెమినరీ అధ్యాపకులకు, రిట్రీట్ కేంద్రాలు నడుపుతున్న ఫాదర్లకు, సిస్టర్లకు,

వందనాలు.

ఈ విషయాన్ని ముందుగా పద్ధతి ప్రకారం సంఘ పెద్దలకే రాసి ఇచ్చాం. అడిగింది పెద్దదేమీ కాదు. వారానికి ఒక అరగంట, ఇష్టమున్నవాళ్లు కలిసి మౌనంగా ప్రార్థించడానికి చర్చి తలుపులు తెరిచి ఉంచండి. ఆ ప్రార్థన తెలిసినవాళ్లను పిలిపించి నేర్పించండి. అలా కూర్చునే గుంపుకి ఆస్పత్రి వార్డులోనో, జైల్లోనో, వృద్ధాశ్రమంలోనో ఒక పని అప్పజెప్పండి. ఇంతే. కాగితం మీద జవాబు రాలేదు. గుర్తు చేస్తే నోటిమాటగా మూడు ముక్కలు వినబడ్డాయి. "అది సన్యాసుల పని." "అది మనది కాదు, వేరే మతాల నుంచి వచ్చింది." "ప్రార్థనలోకి రాజకీయాలు తేకండి." వేరే సంఘాల్లో ఇదే అడిగినవాళ్లకు కూడా దాదాపు ఇవే మాటలు ఎదురయ్యాయని తెలిశాక, ఇది ఒక్క చర్చి వ్యవహారం కాదనిపించి బహిరంగంగా రాస్తున్నాం.

మా మాట ఒక్కటే. ధ్యాన ప్రార్థన ఉన్నది మనిషిని దేవుని దగ్గరికి, అక్కణ్ణుంచి పొరుగువాడి దగ్గరికి నడిపించడానికి. మీరు ఆ రెండో సగాన్ని కోసేశారు. కొద్దిమందికి మనశ్శాంతి ఇచ్చే ఏర్పాటుగా దాన్ని మిగిల్చారు, మిగతావాళ్లకు అసలు నేర్పనే లేదు. దీనివల్ల నష్టపోతున్నది మామూలు జనం. ఎలాగో వరసగా చెప్తాం.

1. "మనది కాదు" అన్న మాట

ఈ మాట విని చాలామంది విశ్వాసులు భయపడి వెనక్కి తగ్గుతున్నారు. తప్పు చేస్తున్నామేమో, దారి తప్పుతున్నామేమో అని టెన్షన్ పడుతున్నారు. అందుకే ముందు దీని సంగతి.

నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారుల్లోకి, నైట్రియా, స్కేతిస్ లాంటి చోట్లకి వెళ్లి గుడిసెల్లో బతికిన క్రైస్తవ స్త్రీపురుషుల దగ్గర ఈ ప్రార్థన ఒక క్రమంలో పెరిగింది. వాళ్ల దగ్గర ఉండి నేర్చుకున్న జాన్ కాసియన్ ఐదో శతాబ్దం మొదట్లో దాన్ని లాటిన్‌లో రాసిపెట్టాడు. ఆయన చెప్పిన పద్ధతి చాలా తేలిక. తన సహాయానికి త్వరగా రమ్మని దేవుణ్ణి పిలిచే 70వ కీర్తన మొదటి వచనాన్నే పట్టుకోవాలి. పనిలో, ప్రయాణంలో, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు దాన్నే లోపల చెప్పుకుంటూ ఉండాలి. "ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు" అనే యేసు ప్రార్థనను తూర్పు సంఘాలు శతాబ్దాలుగా ఇలాగే చేస్తున్నాయి. పన్నెండో శతాబ్దంలో రెండవ గిగో అనే మఠవాసి వాక్యంతో చేసే ప్రార్థనను నాలుగు మెట్లుగా చెప్పాడు: చదవడం, మననం చేయడం, ప్రార్థించడం, మౌనంగా దేవుని సన్నిధిలో నిలవడం. మనం మొదటి మూడు మెట్లు ఎక్కి నాలుగోదాని దగ్గర ఆగిపోయాం. ఆరాధనలో మైకు ఒక్క నిమిషం ఆగితే కరెంటు పోయిందేమోనని వెనక్కి తిరిగి చూసే స్థితికి వచ్చాం.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలో వ్యర్థమైన మాటలు వచింపవద్దని ఉంది కదా, ఒకే మాట మళ్లీ మళ్లీ చెప్పడం తప్పు కదా అని కొందరు పాస్టర్లు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. కానీ అదే సువార్త 26వ అధ్యాయంలో, గెత్సేమనే తోటలో యేసు ఆ మాటలే చెప్పుతూ మూడోసారి ప్రార్థించాడు. 136వ కీర్తనలో ఒకే పల్లవి 26 వచనాల్లో 26 సార్లు వస్తుంది. ప్రభువు వద్దన్నది వ్యర్థమైన మాటల్ని. తిరిగి చెప్పిన ప్రతి మాటా వ్యర్థం కాదు.

కతోలిక పెద్దలు మాకు 1989 అక్టోబరులో వాటికన్ బిషప్పులకు రాసిన లేఖను గుర్తు చేశారు. క్రైస్తవ ధ్యానం గురించి హెచ్చరించిన లేఖ అది. మేమూ చదివాం. ప్రార్థనను ఒక టెక్నిక్‌గా దిగజార్చవద్దనీ, మనిషి తనలో తానే మూసుకుపోయే ప్రమాదం ఉందనీ అందులో ఉంది. వేరే మతాల నుంచి వచ్చిందన్న ఒక్క కారణంతో ప్రతి పద్ధతినీ కొట్టిపారేయమని మాత్రం అందులో లేదు. మేం అడుగుతున్నదీ ఆ మూసుకుపోవడం నుంచి బయటపడే దారే.

2. "సన్యాసుల పని" అన్న మాట

"నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి" ప్రార్థించమని ప్రభువు చెప్పింది మఠాలు పుట్టకముందు, పొలాల్లో, పడవల మీద పనిచేసుకునే మనుషులకి. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లోని ఒక కార్మెలైట్ మఠంలో బ్రదర్ లారెన్స్ అనే మనిషి ఉండేవాడు. అంతకుముందు సైనికుడు. యుద్ధంలో కాలు దెబ్బతింది. గురుపట్టం తీసుకోలేదు, చదువుకున్నవాడూ కాదు. ఆయన పని వంటగదిలో, తర్వాత చెప్పులు కుట్టే చోట. గిన్నెల చప్పుడు మధ్య దేవుని సన్నిధిని గుర్తు పెట్టుకోవడమే ఆయన ప్రార్థన. ఆయన దగ్గరికి పెద్దపెద్దవాళ్లు సలహాకి వచ్చేవాళ్లు.

ఇవాళ ఈ ప్రార్థన ఎవరికి దొరుకుతోంది? నాలుగు రోజులు సెలవు పెట్టగలిగి, రిట్రీట్ ఫీజు కట్టగలిగి, ఇంట్లో ఎవరో ఒకరు పిల్లల్ని చూసుకునేవాళ్లకి. రాత్రి షిఫ్టు చేసే నర్సుకి, మంచం పట్టిన తల్లిని ఒంటరిగా చూసుకునే కూతురికి, ఒక్కరోజు పని మానేస్తే పొయ్యి వెలగని కూలీకి దొరకదు. అందరికంటే ఎక్కువ అవసరం వాళ్లకే. వాళ్ల భాగానికి వస్తున్నది స్పీకర్లు అదిరే ఆరాధన, చివర్లో కానుకల సంచి. వాళ్ల మౌనాన్ని ఎవరూ వినడం లేదు, వాళ్లకి మౌనంగా కూర్చునే చోటూ లేదు.

3. మౌనంలో జరిగేది ఏమిటో మనకు తెలియకపోవడం

ఇది కాస్త వివరంగా చెప్పాలి. ధ్యాన ప్రార్థన అంటే హాయిగా కళ్లు మూసుకుని సేదదీరడం అనుకునేవాళ్లు చాలామంది. కూర్చున్నవాడికి మొదటి పది నిమిషాల్లో తెలిసేది హాయి కాదు, లోపలి రొద. ఎవరో అన్న మాట, తీరని అప్పు, తోటివాడి మీద అసూయ, రేపు ఎలా బదులు చెప్పాలో అన్న లెక్క. ఎడారి సన్యాసుల్లో ఒకడైన ఎవాగ్రియస్ ఈ ఆలోచనలను ఎనిమిది రకాలుగా రాశాడు: తిండి యావ, కామం, ధనాశ, విచారం, కోపం, దేనిమీదా మనసు నిలవని నీరసం, పేరు కోసం తపన, గర్వం. ఆలోచన వచ్చినప్పుడు దానితో వాదించకూడదు, దాని వెంట వెళ్లకూడదు. ప్రార్థన మాట దగ్గరికి తిరిగి రావాలి. మళ్లీ పోతుంది, మళ్లీ రావాలి. మొత్తం పని ఇదే. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది.

కానీ దీన్ని ఏళ్ల తరబడి చేసినవాడికి తన కోపం నోటిదాకా రాకముందే కనిపిస్తుంది. ఇతరుల్లో తాను అసహ్యించుకునే ప్రతిదీ తనలోనూ ఉందని తెలుస్తుంది. అది తెలిశాక రాయి విసరడం కష్టం. ఎడారి పెద్దల జ్ఞాపకాల్లో అబ్బా మోషే గురించి ఒక సంఘటన ఉంది. ఒకప్పుడు దారిదోపిడీ చేసి బతికినవాడని సంప్రదాయం చెప్పే నల్లజాతి మనిషి ఆయన. స్కేతిస్‌లో ఒక సహోదరుడు తప్పు చేశాడు. తీర్పు చెప్పడానికి పెద్దలు కూర్చుని మోషేకి కబురు పంపారు. ఆయన చిల్లుపడ్డ కుండలో నీళ్లు పోసుకుని మోసుకుంటూ వచ్చాడు. ఇదేమిటని అడిగారు. నా పాపాలు నా వెనక కారిపోతున్నాయి, నాకే కనిపించడం లేదు, అయినా ఇంకొకడి తప్పు విచారించడానికి వచ్చాను అన్నాడు. వాళ్లు ఆ సహోదరుణ్ణి క్షమించి పంపేశారు.

మన సంఘ సమావేశాలను దీని పక్కన పెట్టి చూడండి. విడాకులు తీసుకున్న స్త్రీకి ప్రభువు బల్ల దగ్గర చోటు ఉండాలా వద్దా, మరో సంఘం అబ్బాయిని చేసుకున్న అమ్మాయి పేరు పుస్తకంలో ఉంచాలా తీసేయాలా, మద్యం మానలేకపోతున్న మనిషిని ఏం చెయ్యాలి అన్న నిర్ణయాలు గొంతు పెద్దదిగా ఉన్న నలుగురు అరగంటలో తేల్చేస్తున్నారు. ముందు రెండు నిమిషాల ప్రార్థన ఉంటుంది, అదీ పైకి. ఆ నిర్ణయం తర్వాత ఆ కుటుంబం ఎటు పోయిందో కనుక్కునేవాడు ఉండడు.

4. "రాజకీయాలు తేకండి" అన్న మాట

మాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇది.

మౌన ప్రార్థన గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ 46వ కీర్తన పదో వచనం చెప్తారు: "ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి." రిట్రీట్ కేంద్రాల గోడల మీదా ఇదే. ఆ గోడ మీద తొమ్మిదో వచనం ఎందుకు రాయరో మాకు అర్థం కాదు. దేవుడు భూమి అంచుల దాకా యుద్ధాలు మాన్పేవాడు, విల్లు విరిచేవాడు, బల్లేన్ని నరికేవాడు, యుద్ధరథాలను కాల్చేవాడు అని ఉంది అందులో. ఊరకుండమన్న మాట దాని వెనకే వస్తుంది. లూకా పదో అధ్యాయం కూడా ఇంతే. ప్రభువు పాదాల దగ్గర కూర్చుని విన్న మరియ గురించి ప్రసంగాలు చాలా విన్నాం. ఆమె కథకు సరిగ్గా ముందు ఉన్నది దారిపక్కన కొన ఊపిరితో పడి ఉన్న మనిషినీ, అతని కోసం ఆగిన సమరయుణ్ణీ గురించిన కథ. లూకా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాడు. మనం విడదీసి, ఒకటి సేవా విభాగానికీ ఒకటి ప్రార్థన విభాగానికీ పంచేశాం.

ఈ ప్రార్థనలో అందరికంటే లోతుకు వెళ్లారని సంఘమంతా ఒప్పుకునేవాళ్లు ఏమన్నారో చూడండి. స్పెయిన్ సన్యాసిని ఆవిలా తెరేసా 1577లో రాసిన గ్రంథంలో, ప్రార్థన చివరి అంతస్తు చేరాక కూడా, పనిలో ఉన్న మార్త, కూర్చుని విన్న మరియ ఇద్దరూ కలిసి ఉండాలని, ఈ ప్రార్థన అంతా సత్క్రియలు పుట్టడానికేనని తేల్చి చెప్పింది. దేవుణ్ణి ప్రేమిస్తున్నామో లేదో మనకు సరిగ్గా తెలియకపోవచ్చు, పొరుగువాణ్ణి ప్రేమిస్తున్నామో లేదో మాత్రం తెలిసిపోతుంది అని కూడా ఆమె అంది. అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందే జర్మన్ సన్యాసి ఎక్‌హార్ట్, పౌలు పొందినంతటి పరవశంలో ఉన్నా సరే, ఒక రోగికి కాస్త సూప్ కావాలని తెలిస్తే ఆ పరవశం వదిలేసి వెళ్లి ఇవ్వడమే మేలు అన్నాడు.

మాటలు సరే, చేసి చూపించినవాళ్లు? పద్దెనిమిదో శతాబ్దపు అమెరికాలో జాన్ వుల్మన్ అనే మనిషి ఉండేవాడు, వృత్తి దర్జీ, క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాడు. అప్పటి క్వేకర్ల ఆరాధనలో నడిపించే పాస్టరు ఉండేవాడు కాదు, అందరూ మౌనంగా కూర్చునేవాళ్లు, ప్రేరణ కలిగినవాళ్లు లేచి మాట్లాడేవాళ్లు. కుర్రతనంలో యజమాని చెప్పాడని ఒక బానిస స్త్రీ అమ్మకం పత్రం రాశాడు వుల్మన్. రాశాక మనసు ఊరుకోలేదు. ఆ తర్వాత బానిసల పేర్లున్న వీలునామాలు రాయడానికి ఒప్పుకోలేదు. బానిసల యజమానుల ఇళ్లకు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, గొంతు పెంచకుండా, వదలకుండా మాట్లాడాడు. అక్కడ బస చేస్తే, తనకు సేవ చేసిన బానిసలకు డబ్బు ఇచ్చి వెళ్లేవాడు. 1758లో ఫిలడెల్ఫియా వార్షిక సమావేశంలో, చాలాసేపు మౌనంగా విని, చివరికి లేచి మాట్లాడాడు. బానిసలను కొని అమ్మే సభ్యులను సంఘ వ్యవహారాల నుంచి దూరం పెట్టాలని ఆ సమావేశం నిర్ణయించింది. 1776లో అదే సమావేశం సభ్యులెవరూ బానిసలను ఉంచుకోకూడదని తీర్మానించింది. దాన్ని చూడటానికి వుల్మన్ లేడు, 1772లోనే చనిపోయాడు. 1787లో లండన్‌లో బానిస వ్యాపారం రద్దు కోసం ఏర్పడిన కమిటీలో పన్నెండు మందిలో తొమ్మిది మంది క్వేకర్లు. మౌనంగా కూర్చునేవాళ్లు లోకాన్ని పట్టించుకోరని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి.

1956 జనవరి 27 రాత్రి, అమెరికాలోని మాంట్‌గోమరీలో నల్లవాళ్లపై వివక్షకు వ్యతిరేకంగా బస్సుల బహిష్కరణ నడుస్తుండగా మార్టిన్ లూథర్ కింగ్‌కు ఫోన్లో బెదిరింపు వచ్చింది. నిద్ర పట్టక వంటగదిలో కూర్చుని, నా బలం అయిపోయింది అని దేవునితో చెప్పుకున్నాడు. అది ఏ పద్ధతి ప్రకారం చేసిన ధ్యానమూ కాదు. అక్కడ తనకు కలిగిన నిబ్బరం గురించి ఆయనే తర్వాత చెప్పాడు. మూడు రోజులకు, భార్య, పసిబిడ్డ లోపల ఉండగా ఆ ఇంటి మీద బాంబు పడింది. ఆయుధాలతో వచ్చి ఇంటి ముందు నిలబడ్డ జనాన్ని శాంతపరిచి, శత్రువుల్ని ప్రేమించమని చెప్పి, ఆయన ఇళ్లకు పంపాడు. కింగ్‌కు మార్గదర్శి అయిన హోవర్డ్ థర్మన్, క్వేకరు ధ్యానిగా పేరున్న రూఫస్ జోన్స్ దగ్గర చదువుకున్నాడు. 1936లో బార్డోలీలో గాంధీని కలిశాడు. అణచివేతకు గురైన మనిషి లోపల భయం, ద్వేషం ఏం చేస్తాయో, వాటి నుంచి ఎలా విడుదల కావాలో జీవితాంతం చెప్పాడు. చట్టం మారినా ఆ రెండూ లోపలే ఉండిపోతే ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు.

థామస్ మెర్టన్ సంగతి పెద్దలు ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి. అమెరికాలోని కెంటకీ మఠంలో, కఠిన నియమాలున్న ట్రాపిస్ట్ సభ సన్యాసి. అణుయుద్ధానికి వ్యతిరేకంగా రాస్తున్నాడని 1962లో ఆయన పై అధికారులే ఆ విషయం మీద ప్రచురించవద్దని ఆపేశారు. సన్యాసికి తగిన పని కాదన్నారు. మరుసటి ఏడాదే, 1963 ఏప్రిల్‌లో, పోపు ఇరవైమూడవ జాన్ శాంతి మీద లోకమంతటికీ లేఖ రాశాడు. అలా ఆపేసిన మెర్టన్ పుస్తకం 2004 దాకా అచ్చు కాలేదు. "రాజకీయాలు తేకండి" అని మాకు చెప్పిన పెద్దలు ఇప్పుడు మెర్టన్ మాటలు రిట్రీట్ కరపత్రాల మీద వేసుకుంటున్నారు.

5. సేవ చేసేవాళ్లు అరిగిపోవడం

మాలో కొందరు ప్రార్థన వైపు నుంచి కాదు, సేవ వైపు నుంచి వచ్చారు. అన్నం పంచే పని, వ్యసనపరుల పునరావాసం, బడి మానేసిన పిల్లల పని. వాళ్లు చెప్పేది ఒకటే: కొన్నేళ్లకు కోపం మిగులుతుంది, తర్వాత అదీ పోయి ఏమీ అనిపించని స్థితి వస్తుంది. ఎదుట ఉన్న మనిషి ఒక ఫైలు అయిపోతాడు. సంఘం వాళ్లకు ఇచ్చింది సన్మానం, శాలువా, ఇంకొంత పని.

సెమినరీ అధ్యాపకులకు ఒక పరిశోధన గుర్తు చేస్తాం. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ 1973లో ప్రచురించారు. ప్రిన్స్‌టన్ థియలాజికల్ సెమినరీ విద్యార్థులు నలభై మందిని ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ప్రసంగం చెప్పడానికి పంపారు. కొందరి అంశం మంచి సమరయుని కథే. దారిలో ఒక మనిషి తలుపు దగ్గర కూలబడి దగ్గుతూ మూలుగుతున్నాడు. తొందర లేదని చెప్పినవాళ్లలో 63 శాతం ఆగి పలకరించారు. ఆలస్యమైందని తొందరపెట్టినవాళ్లలో 10 శాతమే ఆగారు. సమరయుని కథ మీద మాట్లాడబోతున్నామన్నది చెప్పుకోదగ్గ తేడా తేలేదు. అంటే బోధ బుర్రలో ఉంది, కాళ్లు ఆగలేదు. ఆగడం అలవాటు చేసుకోవాల్సిన పని. దానికి మీ పాఠ్యక్రమంలో గంట లేదు.

శాస్త్రం అంతా మా వైపే ఉందని చెప్పం. 2013లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, ఎనిమిది వారాలు ధ్యానం నేర్చుకున్నవాళ్లలో సగం మంది చేతికర్రలతో వచ్చిన మనిషికి తమ కుర్చీ ఇచ్చారు, నేర్చుకోనివాళ్లలో 16 శాతమే ఇచ్చారు. అది క్రైస్తవ ప్రార్థన మీద జరిగింది కాదు. 2018లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు ఫలితాలు అనుకున్నంత బలంగా లేవన్నారు. 2021లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా ఆలోచింపజేసేది. తన బతుకు తనదే అనుకునే స్వభావం ఉన్నవాళ్లు ధ్యానం తర్వాత ఇతరులకు సాయం చెయ్యడానికి ఇంకా తక్కువ ముందుకొచ్చారు. ఇతరులతో ముడిపడి ఉన్నాననుకునేవాళ్లు ఎక్కువ ముందుకొచ్చారు. పొరుగువాడు లేని మౌనం మనిషి స్వార్థానికి సాయపడగలదు. అందుకే గది ఒక్కటే అడగలేదు, గదితో పాటు పని కూడా అడిగాం.

6. మౌనం పేరుతో నోరు మూయించడం

భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీ పాస్టరు దగ్గరికి వస్తే "ఓర్చుకో, మౌనంగా ప్రార్థించు" అని పంపడం మనందరికీ తెలిసిందే. సమరయుని కథలో, పడి ఉన్న మనిషిని చూసి ప్రక్కగా పోయిన యాజకుడు చేసిందీ దాదాపు ఇదే. ఆమెకు కావలసింది ముందు క్షేమంగా ఉండే చోటు, తర్వాత వకీలు, డాక్టరు. మౌనం అడుగుతున్న మేమే ఇది గట్టిగా చెప్పాలి, లేకపోతే మా మాట కూడా ఆ మాటల్లో కలిసిపోతుంది.

ఇంకొకటి. ధ్యానంలో ఆరితేరాడని పేరుంటే చాలు, దయ ఉన్నట్టే అనుకోవద్దు. మేధో వైకల్యం ఉన్నవాళ్లతో కలిసి జీవించే లార్ష్ సమాజాన్ని 1964లో స్థాపించిన జాన్ వానియేను లోకమంతా సజీవ పునీతుడిగా చూసింది. 2019లో చనిపోయాడు. ఆయన స్త్రీలను లైంగికంగా దుర్వినియోగం చేశాడన్న నిజాలు ఆ సంస్థే వేయించిన విచారణల్లో బయటికి వచ్చాయి. 2020 నివేదిక ఆరుగురు స్త్రీల గురించి, 2023 నివేదిక కనీసం పాతిక మంది గురించి చెప్పింది. ఆత్మీయ మార్గదర్శనం పేరుతో, ప్రార్థన మాటలు అడ్డం పెట్టుకునే ఆ దుర్వినియోగం జరిగింది. దాచకుండా తనంతట తాను బయటపెట్టిన ఆ సంస్థను చూసి మిగతావాళ్లు నేర్చుకోవాలి. మూసిన గదిలో ఒక మార్గదర్శి, ఒక విశ్వాసి, పైన అడిగేవాడు లేని ఏర్పాటు ఎక్కడున్నా ప్రమాదమే.

మేం కోరుతున్నవి ఇవి.

ఒకటి. ప్రతి సంఘంలో వారానికి కనీసం ఒక అరగంట మౌన ప్రార్థన, ఉచితంగా, పనికి వెళ్లేవాళ్లు రాగలిగే సమయంలో ఉండాలి. ఒక షిఫ్టు వాళ్లకు కుదరకపోతే రెండో సమయం పెట్టాలి. రిట్రీట్ కేంద్రాలు కొన్ని చోట్లను ఫీజు కట్టలేనివాళ్లకు కేటాయించాలి. అడుక్కునే పరిస్థితి రాకుండా, దరఖాస్తులో ఆ గడి అందరికీ కనిపించేలా ఉంచాలి.

రెండు. అలా కూర్చునే ప్రతి గుంపుకూ ఒక నిర్దిష్టమైన మనుషులతో, ఒక నిర్దిష్టమైన చోట పని ఉండాలి. ఒంటరిగా బతికితే ఎవరి కాళ్లు కడుగుతావు అని నాలుగో శతాబ్దంలోనే బాసిల్ అనే బిషప్పు అడిగాడు. అడిగి ఊరుకోలేదు. సీజరియా నగరం వెలుపల రోగులకు, పేదలకు, బాటసారులకు పెద్ద ఆశ్రయం కట్టించాడు.

మూడు. సెమినరీల్లో మౌన ప్రార్థన, క్షేత్రసేవ కలిపి ఒకే తప్పనిసరి కోర్సుగా పెట్టాలి. ప్రసంగకళకు ఎన్ని గంటలిస్తారో దీనికీ అన్ని ఇవ్వాలి.

నాలుగు. క్రమశిక్షణ గురించి, డబ్బు గురించి నిర్ణయం తీసుకునే ప్రతి కమిటీ ముందు పదిహేను నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. ఆ నిర్ణయం ఎవరి మీద పడుతుందో ఆ మనిషి అక్కడ ఉండి మాట్లాడే అవకాశం ఉండాలి. మౌనం ముగిశాక ఆ మనిషే ముందు మాట్లాడాలి.

ఐదు. మార్గదర్శులకు శిక్షణ, రాతపూర్వకమైన రక్షణ నియమాలు, సంఘానికి బయటివాళ్లు విచారించే ఫిర్యాదు పద్ధతి ఉండాలి. మౌనంలో పాత గాయాలు పైకి వచ్చి తట్టుకోలేనివాళ్లుంటారు. వాళ్లను వైద్యుల దగ్గరికి పంపడం తెలిసినవాళ్లే నడిపించాలి. హింస గురించి చెప్పుకోవడానికి వచ్చినవాళ్లను ప్రార్థన గుంపులోకి పంపి చేతులు దులుపుకోవద్దు.

ఆరు. ఈ లేఖకు మీ తదుపరి కమిటీ సమావేశం లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఒప్పుకోని అంశం ఉంటే కారణం రాయండి, చదివి చర్చకు వస్తాం. గది ఇవ్వడం కుదరకపోతే అదీ రాయండి, మాలో ఎవరింట్లోనో కూర్చుంటాం. అయినా ఆస్పత్రి వార్డులోకీ జైల్లోకీ వెళ్లడానికి సంఘం ఇచ్చే పరిచయ పత్రం కావాలి. దాని మీద సంతకం మీరే పెట్టాలి.

ఇట్లు,
మౌన ప్రార్థన కోరుతున్న విశ్వాసుల తరఫున